లిస్ప్‌లో పేర్ల మధ్య ఖాళీలు: ఫైలు చదివేటప్పుడే తుడిచేయాలా, పోల్చేటప్పుడు మాత్రమే తీయాలా?

కొబ్బరికొట్టు అబ్బాయి

మాది అంబాజీపేట. నాన్నగారి కొబ్బరి కొట్టు లెక్కలు కంప్యూటర్‌లో నేనే చూస్తాను. రైతు పేరు, ఊరు, దింపు తేదీ, ఎన్ని వేల కాయలు, అడ్వాన్సు ఎంత ఇచ్చాం, ఇంతే. గుమస్తా గారు షీట్‌లో కొడతారు. దాన్ని కామా ఫైలుగా మార్చి, కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైను లైను చదివి, రైతు పేరు మీద హాష్ టేబుల్ (పేరు ఇస్తే దాని లెక్క చూపించే పట్టిక) కట్టి మొత్తాలు తీస్తాను. (ఫోన్‌లో కొడుతున్నాను, కోడ్ పేర్లు కూడా తెలుగులోనే రాస్తున్నా, ఏమనుకోకండి.)

గత నెల మొత్తాలు తీస్తే ఒకే రైతుకు మూడు ఖాతాలు వచ్చాయి. చూస్తే ఒకచోట పేరుకు ముందు ఖాళీ, ఒకచోట చివర ఖాళీ, ఇంకోచోట ఇంటిపేరు తర్వాత రెండు ఖాళీలు. స్ట్రింగ్-ట్రిమ్ (మాట కొసలు కత్తిరించే ఫంక్షన్) పెట్టాను. మొదటి రెండూ కలిసిపోయాయి. మూడోది కలవలేదు. ట్రిమ్ రెండు కొసల నుంచి లోపలికి వస్తూ, మనం ఇచ్చిన అక్షరాల సంచిలో లేని అక్షరం కనబడగానే ఆగిపోతుంది కదా, మధ్య జోలికి పోదు.

అందుకని సాపు-చెయ్యి అని ఒక ఫంక్షన్ రాశాను. కొసలు కత్తిరిస్తుంది, మధ్యలో ఎన్ని ఖాళీలున్నా ఒక్కటి చేస్తుంది. చదివేటప్పుడే అన్ని గడులకూ దాన్ని వేసి, శుభ్రమైన ఫైలుని పాతదాని మీదే రాసేస్తున్నాను. మా బావ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, పండక్కి వచ్చి ఇది చూసి గోల పెట్టాడు. "వచ్చిన ఫైలు మీద చెయ్యి వేయకూడదురా, పోల్చడానికి విడిగా ఒక తాళం తయారు చేసుకో" అంటాడు. అంటే అసలు పేరు అలాగే ఉంచి, పోలికకి మాత్రం ఖాళీలు తీసిన నకలు వాడమని. నా మాట ఏమిటంటే, ఇంట్లోకి వచ్చేవాడు గుమ్మంలోనే కాళ్లు కడుక్కుని రావాలి. లోపలికి వచ్చాక గదికో చెంబు పెట్టలేం కదా. ఎవరిది రైటు?

ఇంకో చిన్న విషయం. ట్రిమ్ పెట్టినప్పటి నుంచి తణుకు వ్యాపారి ఊరు "అణుకు" అని ప్రింట్ అవుతోంది. ఆ గడి గుమస్తా గారు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొడతారు. ఇది దేనివల్లో తెలియట్లేదు.

రేవుకాడ

నీదే రైటు తమ్ముడూ. నేను భీమవరం వైపు చెరువుల మేత లెక్కలు ఆరేళ్లు చూశాను. పోల్చే ప్రతిచోటా గుర్తుపెట్టుకుని తాళం వాడాలంటే ఎక్కడో ఒకచోట మరిచిపోతావు. హాష్ టేబుల్‌లో వాడతావు, వరస పెట్టేచోట మరిచిపోతావు. ప్రింట్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తుంది, రైతు వచ్చి కొట్టు ముందు నిలబడతాడు. గుమ్మంలోనే తీసెయ్, లోపల టెన్షన్ ఉండదు.

పాత ఈమాక్స్

వాదన తర్వాత. ముందు తణుకు సంగతి చూద్దాం. బాబూ, నీ ట్రిమ్ సంచిలో ఖాళీ, బ్యాక్‌స్లాష్ టీ, బ్యాక్‌స్లాష్ ఎన్ అని కొటేషన్లలో రాశావా?

కొబ్బరికొట్టు అబ్బాయి

ఆయ్, అలాగే రాశానండి. ట్యాబ్, కొత్త లైను కోసం.

పాత ఈమాక్స్

అనుకున్నాను. అది సీ భాష అలవాటు. ఈమాక్స్ ఎడిటర్‌లో ఉండే లిస్ప్‌లోనూ అలా రాస్తే ట్యాబే వస్తుంది, అందుకే చాలామంది ఇక్కడ పడతారు. నేనూ పడ్డాను. కామన్ లిస్ప్‌లో కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్‌కి ఒకటే పని: పక్కనున్న అక్షరాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోమని చెప్పడం. పక్కన టీ ఉంటే టీయే వస్తుంది. అంటే నీ సంచిలో ఉన్నవి ఖాళీ, టీ, ఎన్, ఈ మూడే. ట్యాబూ లేదు, కొత్త లైనూ లేదు. "తణుకు" ఇంగ్లీషులో టీతో మొదలు, దాన్ని కొసన ఉన్న చెత్త అనుకుని కోసేసింది. నరసాపురం, నగరం ఉంటే అవి కూడా చూసుకో, ఎన్ ఎగిరిపోయి ఉంటుంది. పెద్దబడిలో కొట్టి ఉంటే బతికిపోయేవి, ట్రిమ్‌కి చిన్నబడి వేరు, పెద్దబడి వేరు. రాజమండ్రికి ఏమీ కాదు, అది ఆర్‌తో మొదలై వైతో ముగుస్తుంది.

సంచిని స్ట్రింగ్‌గా కాకుండా లిస్ట్‌గా ఇవ్వు. హాష్ బ్యాక్‌స్లాష్ స్పేస్, హాష్ బ్యాక్‌స్లాష్ ట్యాబ్, న్యూలైన్, రిటర్న్, ఇలా ఒక్కో అక్షరం పేరు పెట్టి. సంచి అంటే అక్షరాల వరస ఏదైనా పనికొస్తుంది, స్ట్రింగే కానక్కర్లేదు. రిటర్న్ మరిచిపోకు. గుమస్తా గారిది విండోస్ అయితే లైను చివర రిటర్న్, లైన్‌ఫీడ్ (కొత్త లైను అక్షరం) రెండూ ఉంటాయి. నువ్వు లినక్స్‌లో రీడ్-లైన్‌తో చదివితే లైన్‌ఫీడ్ పోతుంది గానీ రిటర్న్ ఆఖరి గడికి జిడ్డులా అంటుకుని వస్తుంది. కంటికి కనబడదు, రెండు మాటలు ఒకటేనా అని చూసే ఈక్వల్‌కి మాత్రం కనబడుతుంది.

కొబ్బరికొట్టు అబ్బాయి

నగరం కాస్తా "అగరం" అయ్యిందండీ, ఇప్పుడే చూశాను! ఆఖరి గడి అడ్వాన్సు. అది అంకెగా మారకుండా మొండికేసేది, అందుకే నేను చివరి అక్షరం గుడ్డిగా కోసేస్తున్నాను. ఇదా కారణం.

మూడో పాయ

పైథాన్‌లో స్ట్రిప్ అని ఒక్క మాట కొడితే అయిపోయేదానికి ఇంత రామాయణమా?

పాత ఈమాక్స్

స్ట్రిప్ కూడా మధ్య ఖాళీలను ముట్టుకోదు నాయనా. అక్కడా స్ప్లిట్ చేసి మళ్లీ జాయిన్ చేయాల్సిందే. కొసల వరకు అయితే నిజమే, ఏది ఖాళీ అన్నది పైథాన్ తనే నిర్ణయించుకుంది. కామన్ లిస్ప్ ప్రమాణం 1994 నాటిది. అందులో "ఇది ఖాళీ అక్షరమా" అని అడిగే ఫంక్షన్ లేనేలేదు, సంచి నువ్వే కట్టుకోవాలి. లిస్ప్‌లన్నీ ఒకటి కూడా కాదు. స్కీమ్ అనే లిస్ప్ వాళ్ల ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 13 అనే లైబ్రరీలో స్ట్రింగ్-ట్రిమ్ అంటే ఎడమ కొస మాత్రమే, రెండు కొసలకీ స్ట్రింగ్-ట్రిమ్-బోత్ అని వేరే ఉంది. రాకెట్ అనే ఇంకో లిస్ప్‌లో అదే పేరు రెండు కొసలూ తీస్తుంది. పేరు చూసి నమ్మితే అంతే సంగతులు.

లంకగాలి

నేను బావగారి పక్షం. అసలు ప్రశ్న కొసల గురించి కాదు, కొస ఖాళీకి అర్థం ఉండదని అందరం ఒప్పుకుంటాం. మధ్య ఖాళీ సంగతి వేరు.

నేను ఒక ఆఫీసులో చిరునామాల పట్టికలు సరిచేసేదాన్ని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అమలాపురం కేంద్రంగా మన కోనసీమ జిల్లా వచ్చింది, ఆ తర్వాత అంబేద్కర్ గారి పేరు చేరింది. ఆ ఒక్క పేరుని నేను ఎన్ని రకాలుగా చూశానో చెప్పలేను. డాక్టర్ తర్వాత ఖాళీ ఉన్నవి, లేనివి. బి, ఆర్‌ల మధ్య చుక్క, చుక్కా ఖాళీ, ఒట్టి ఖాళీ. "ఖాళీలన్నీ ఒక్కటి చేయి" అంటే సగం కూడా కలవవు. సరే ఖాళీలూ చుక్కలూ మొత్తం తీసేద్దాం అని రిమూవ్ వేస్తే అన్నీ కలుస్తాయి గానీ, ఆ ముద్దని ఉత్తరం మీద ప్రింట్ చేస్తే చదివేదెవరు?

ఇంకోటి. ఐ. పోలవరం, పి. గన్నవరం మన మండలాలు. గన్నవరం కృష్ణా జిల్లాలో ఉంది, ఒట్టి పోలవరం అంటే ఆనకట్ట గుర్తొస్తుంది. ఎవరో తెలివైనవాళ్లు "ఖాళీకి ముందున్న ఒంటి అక్షరం చెత్త" అని నియమం పెట్టారు. రెండు ఊళ్లూ గోదారి దాటి ఎక్కడికో వెళ్లిపోయాయి.

పోల్చడానికి ఎంత కర్కశంగానైనా పిండండి, అది తాళం, దాన్ని ఎవరూ చదవరు. వచ్చిన పేరు మాత్రం అలాగే ఉంచండి.

రేవుకాడ

లంకగాలి గారూ, మీరు చెప్పేది ఆఫీసు పట్టిక. ఇది కొబ్బరి కొట్టు. ఒకే పేరుకు రెండు గడులు మొయ్యమంటే ఆ అబ్బాయి ఎక్కడ మోస్తాడు? మీరు చెప్పిన చుక్కల గోల ఖాళీలది కాదు, దాన్ని ఇందులో కలపకండి. రెండు ఖాళీలు ఒకటి చేయడం వల్ల నష్టపోయినవాడిని ఒక్కణ్ణి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

అక్షరాల పిచ్చి

తెలుగులో కొడితే ఇంకో తలనొప్పి ఉంది, ఎవరూ ఎత్తలేదు. "రాజ్‌కుమార్" అని సరిగ్గా కనబడాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక అక్షరం ఉండాలి, యూనికోడ్‌లో 8204. అది జ, క లను అతుక్కోకుండా విడదీస్తుంది. కొన్ని కీబోర్డులు పొల్లుతో ఆగే ప్రతి మాట చివరా దాన్ని పెట్టేస్తాయి. అంటే "ప్రభాకర్" రెండు రకాలుగా ఉంటాడు, కంటికి ఒకడే, ఈక్వల్‌కి ఇద్దరు. ఇది ఖాళీ కాదు. యూనికోడ్ కూడా దీన్ని ఖాళీల జాబితాలో పెట్టలేదు, కాబట్టి మీ లైబ్రరీల ట్రిమ్ దాన్ని వదిలేస్తుంది. దాని పక్కింటిది 8203, పేరులో స్పేస్ అని ఉన్నా అదీ ఆ జాబితాలో లేదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేస్తే వచ్చే విడిపోని ఖాళీ 160 మాత్రం జాబితాలో ఉంది. కానీ జావా మీద నడిచే క్లోజర్ అనే లిస్ప్‌లో ట్రిమ్ దాన్ని తీయదు, ఎందుకంటే అది జావా మాట వింటుంది, జావా దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు. నమూనాలు వెతికే సీఎల్-పీపీసీఆర్‌ఈ లైబ్రరీలో ఖాళీకి గుర్తైన బ్యాక్‌స్లాష్ ఎస్ కూడా దాన్ని పట్టుకోదు.

8204ని కొసన ఉంటే సంచిలో వేసి కోసేయండి, నష్టం లేదు. మధ్యలోది గుమ్మంలోనే తుడిచేస్తే రాజ్‌కుమార్ గారు జీవితాంతం "రాజ్కుమార్" అని బిల్లు అందుకుంటారు. దీనికి మాత్రం తాళం పద్ధతే గతి.

రేవుకాడ

ఇది ఒప్పుకుంటాను. మామూలు ఖాళీ సంగతిలో మాత్రం నా మాట అదే.

పాత ఈమాక్స్

అబ్బాయీ, మధ్య ఖాళీలకి నువ్వు ఏం రాశావో చూపించలేదు. లూప్ రాసుకున్నా తప్పులేదు, పది లైన్లు. ముందటి అక్షరం ఖాళీయా కాదా అని గుర్తుపెట్టుకుంటూ విత్-అవుట్‌పుట్-టు-స్ట్రింగ్‌లోకి రాసుకుంటూ పోవడమే. లైబ్రరీ కావాలంటే సీఎల్-స్ట్ర్‌లో కొలాప్స్-వైట్‌స్పేసెస్ ఉంది. ఈమాక్స్‌లో అయితే 28వ వెర్షన్ నుంచి స్ట్రింగ్-క్లీన్-వైట్‌స్పేస్ చేతికే ఇచ్చారు. సీఎల్-పీపీసీఆర్‌ఈ వాడితే బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టు, కారణం పైన తణుకు దగ్గర చెప్పిందే. ఒక్కసారే కొడితే ఎస్ అక్షరాలన్నీ ఖాళీలైపోతాయి.

ట్రిమ్ గురించి ఇంకో మాట. కోయాల్సింది ఏమీ లేకపోతే అది పాత స్ట్రింగ్‌నే తిరిగి ఇవ్వొచ్చు, కాపీనీ ఇవ్వొచ్చు, ప్రమాణం రెండింటికీ ఒప్పుకుంది. కాబట్టి వచ్చినదాన్ని ఉన్నచోటే మార్చకు. పాతది కూడా మారిపోవచ్చు.

కొబ్బరికొట్టు అబ్బాయి

రెండు రోజులు కనబడలేదు, క్షమించండి. కొట్టులో పెద్ద గొడవ అయ్యింది.

మూడు ఖాతాలున్న ఒకే రైతు అన్నాను కదా. ఒకే రైతు కాదు. ఇద్దరు. అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, పక్కపక్క తోటలు. గుమస్తా గారి చేతిరాత పుస్తకంలో పేరు పక్కన "పె", "చి" అని ఉండేదట. షీట్‌లోకి వచ్చాక, బిల్లు మీద "చి" అని పడితే పెద్దమనిషికి అవమానంగా ఉంటుందని, చిన్నాయన పేరులో ఇంటిపేరు తర్వాత రెండు ఖాళీలు కొట్టడం మొదలుపెట్టారట. ఏడాదిగా అలాగే కొడుతున్నారు. నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

నా సాపు-చెయ్యి ఇద్దరినీ కలిపేసింది. చిన్నాయన తీసుకున్న పన్నెండు వేల అడ్వాన్సు పెద్దాయన కాయల్లో విరిగింది. ఆయన పొద్దున్నే కొట్టుకు వచ్చి, "మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఇలా జరగలేదు" అన్నాడు. నాన్నగారు లోపల టీ తాగుతున్నారు.

పాత ఫైలు మీదే రాసేశాను కాబట్టి నా దగ్గర అసలుది లేదు. గుమస్తా గారు వాట్సాప్‌లో పంపిన షీట్ ఫోన్‌లో ఉండబట్టి బతికాను. బావకి ఇంకా చెప్పలేదు.

లంకగాలి

రేవుకాడ గారూ, నష్టపోయినవాడిని ఒక్కణ్ణి చూపించమన్నారు.

రేవుకాడ

చూశానమ్మా. అసలు ఫైలు చెరపకూడదన్నంత వరకు బావగారిదే గెలుపు, ఒప్పుకున్నాను. కానీ మిగతాది ఒప్పుకోను. మీ పద్ధతిలో తాళం కట్టినా రెండు ఖాళీలు ఒకటయ్యేవి, ఆ ఇద్దరూ అక్కడా కలిసిపోయేవారు, అడ్వాన్సు అలాగే విరిగేది. తేడా ఏమిటంటే వెనక్కి వెళ్లడానికి దారి ఉండేది. తప్పు ఖాళీని గుర్తుగా వాడటంలో ఉంది. కంటికి కనబడనిదాంతో మనిషిని గుర్తుపెట్టుకుంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు తుడిచేస్తారు, మెషీను కాకపోతే తర్వాత వచ్చే గుమస్తా. తండ్రి పేరుకి ఒక గడి పెట్టు తమ్ముడూ. ఇద్దరి తండ్రులూ వేరే కదా.

లంకగాలి

దారి ఉండటం చిన్న విషయమా అండీ? ఆ రెండు ఖాళీలు ఫైలులో మిగిలి ఉంటేనే కదా ఎవరో ఒకరు "ఇవి ప్రతిసారీ ఇక్కడే ఎందుకు పడుతున్నాయి" అని అడిగేది. చేయి జారి పడ్డ ఖాళీ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. ఏడాది పొడవునా ఒకే మనిషి ఖాతాలో పడిందంటే అది చెత్త కాదు. తాళం కట్టేటప్పుడు, ఒకే తాళానికి రెండు రకాల అసలు పేర్లు వస్తే కలిపే ముందు ఆగి జాబితా చూపించమని రాయొచ్చు. హాష్ టేబుల్‌లో మొత్తంతో పాటు అసలు పేర్ల లిస్ట్ కూడా పెట్టుకుంటే చాలు, లిస్ట్‌లో లేని పేరునే చేర్చే పుష్‌న్యూకి టెస్ట్ ఈక్వల్ ఇవ్వండి.

అక్షరాల పిచ్చి

ఆ జాబితా ప్రింట్ చేసేటప్పుడు ఖాళీ ఉన్నచోట చుక్క పెట్టి చూపించండి. లేకపోతే రెండు పేర్లూ ఒకటే కదా అని గుమస్తా గారు మళ్లీ అంటారు.

కొబ్బరికొట్టు అబ్బాయి

రెండూ చేశానండి. తండ్రి పేరు గడి పెట్టాను, లంకగాలి గారు చెప్పిన జాబితా కూడా. మొదటిసారి నడిపితే పద్నాలుగు పేర్లు వచ్చాయి. గుమస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాం. పదమూడు చేయి జారినవే. పద్నాలుగోది చూసి ఆయన కాసేపు ఆలోచించి, "ఇది రేపు చెప్తాను" అన్నారు.

మూడో పాయ

మరి అణుకు వ్యాపారి?

కొబ్బరికొట్టు అబ్బాయి

అదే పేరుతో రెండు బిల్లులు వెళ్లిపోయాయండి. ఫోన్ చేసి నవ్వాడు. డబ్బులు మాత్రం ఇంకా వేయలేదు.