అప్‌డేట్: చివరికి రేడియల్ వైపే మొగ్గాను

లారీకి రేడియల్ టైర్లు వేయించాలా, నైలాన్ బయాస్ టైర్లతోనే నెట్టుకురావాలా అని అడిగాను కదా. ఆరింటినీ రేడియల్‌కు మార్చేశాను. ముందు ఇరుసుకు మాత్రం రెండు వేసి చూద్దామనుకుంటే మీలో ఒకరు గట్టిగా వారించారు. ముందు రేడియల్, వెనుక బయాస్ ఉంటే మలుపుల్లో వెనుక భాగం జారుతుందని అప్పుడే తెలిసింది.

తేడా మొదట వేడిలో కనిపించింది. బయాస్‌లో దారాల పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతాయి. పక్కగోడ వంగినప్పుడల్లా ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) కూడా కదిలి వేడెక్కుతుంది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా వెళ్తాయి. ట్రెడ్‌ను ఉక్కు బెల్టులు పట్టి ఉంచుతాయి. అందుకే దూర ప్రయాణం తర్వాత కూడా ఇవి అంతగా వేడెక్కలేదు.

మొదటి వారం పక్కల ఉబ్బు చూసి గాలి తగ్గిందని నాలుగుసార్లు గేజి పెట్టాను. ప్రతిసారీ సరిగ్గానే ఉంది! రేడియల్ తీరే అంతట.

క్వారీలో తిరిగే రెండో బండికి నైలాన్లే ఉంచాను. రాళ్లకు వాటి పక్కగోడే గట్టిది. ఇక కారు సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. టైరు మీద సైజులో ‘ఆర్’ అక్షరం కనిపించింది. అవి మొదటినుంచీ రేడియల్ టైర్లే.