దేవుణ్ణి భయంతో కాక ప్రేమతో సేవించడం గురించి యూదు గురువులు ఏమన్నారు?

సండే స్కూలు టీచరు, సికింద్రాబాద్

అందరికీ వందనాలు. మా సంఘంలో పదేళ్ళ పిల్లలకు ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం చెబుతున్నాను. ఐదో వచనం దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమంటుంది. పదమూడో వచనం ఆయనకు భయపడమంటుంది. ఒక అబ్బాయి లేచి, "టీచర్, కొడితే ఎవరైనా భయపడతారు. ప్రేమించమని ఆజ్ఞ ఇస్తే మాత్రం ప్రేమ ఎలా వస్తుంది?" అని అడిగాడు. వాడి తండ్రి ఇంట్లో చేయి చేసుకునే మనిషని మా వీధిలో అందరికీ తెలుసు. "ఆరాధనకు రాకపోతే దేవుడు కొడతాడు" అని పెద్దలు అన్నప్పుడు ఆ పిల్లవాడికి ఎవరి ముఖం గుర్తొస్తుందో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టడం లేదు. మన పాస్టర్ల వ్యాఖ్యానాలు నాకు తెలుసు. ఐదో వచనాన్ని రోజూ ఉదయం, రాత్రి ప్రార్థనలో పఠించే యూదులు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, బర్కత్‌పురా

అమ్మా, మీ విద్యార్థి అడిగినదానికి చాలా దగ్గరి ప్రశ్నను పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ వేసుకున్నాడు. ఆయన స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో వైద్యుడిగా జీవించి 1204లో కన్నుమూసిన గొప్ప యూదు ధర్మవేత్త. తన 'మిష్నే తోరా' అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో ఆయన దేవుణ్ణి ప్రేమించడానికీ ఆయనకు భయపడడానికీ దారి ఏది అని నేరుగా అడుగుతాడు. జవాబు కూడా అక్కడే ఉంది. మనిషి సృష్టిని శ్రద్ధగా చూసి, అందులోని అంతులేని జ్ఞానాన్ని గ్రహిస్తే వెంటనే ప్రేమ పుడుతుంది, ఆయనను ఇంకా తెలుసుకోవాలనే దాహం కలుగుతుంది. వాటినే మరికాస్త తలచుకుంటే, ఇంతటివాడి ముందు నేనెంత అని వెనక్కి జంకుతాడు. గమనించండి, ఇందులో బెత్తం లేదు. ఈ భయం దెబ్బలకు జడిసేది కాదు, ప్రేమ పుట్టిన చోటే పుట్టినది. ఆ అబ్బాయికి ముందుగా చెప్పవలసినది ఇదేనని నా గట్టి నమ్మకం.

అదే గ్రంథంలో పశ్చాత్తాపాన్ని గురించిన భాగంలో, పదో అధ్యాయంలో, ఆయన ఇంకా కచ్చితంగా మాట్లాడతాడు. దీవెనలు దక్కాలనో, శాపాలు తప్పించుకోవాలనో ఆజ్ఞలు పాటించేవాడు భయంతో సేవించేవాడే. అది ప్రవక్తల స్థాయి కాదు, జ్ఞానుల స్థాయీ కాదు. సత్యాన్ని సత్యమని చేసేవాడే ప్రేమతో సేవించేవాడు. ఆ అధ్యాయం చివర, ఎంత తెలుసుకుంటే అంత ప్రేమ అంటాడు. అంటే ప్రేమను ఆజ్ఞాపించడమంటే తెలుసుకొమ్మని ఆజ్ఞాపించడం. పిల్లవాడి ప్రశ్నకు నాకు తోచిన సూటి జవాబు అది.

ముత్తవ్వ, మల్కాజిగిరి

మాస్టారూ, మేము హిందువులం, అయినా అడగాలనిపించింది. "అబద్ధమాడితే కళ్ళు పోతాయి, లెంపలు వేసుకో" అని చెప్పే నా పిల్లలను పెంచాను. వాళ్ళు బుద్ధిగానే ఎదిగారు. భయం లేకుండా పసివాళ్ళకు భక్తి ఎలా అలవడుతుంది?

విశ్రాంత ఉపాధ్యాయుడు, బర్కత్‌పురా

అమ్మా, యూదు పెద్దలు మీ మాటను కొట్టిపారేయలేదు. పిల్లలకు మొదట భయంతో, బహుమతులతో నేర్పి, జ్ఞానం పెరిగే కొద్దీ ప్రేమ రహస్యాన్ని మెల్లమెల్లగా విప్పి చెప్పమన్నాడు మైమోనిడీస్. (పిల్లల సరసన స్త్రీలను కూడా చేర్చాడు. ఆ మాట నేను ఒప్పుకోను.) మరోచోట ఆయన చూపిన బడిపిల్లవాడు ముందు అక్రోటు కాయల కోసం, అంజూరాల కోసం చదువుతాడు. పెద్దయ్యాక మంచి చెప్పుల కోసం, తర్వాత డబ్బు కోసం చదువుతాడు. చదువు కోసమే చదవడం చిట్టచివరి మెట్టు. ప్రాచీన యూదు గురువుల చర్చల సంకలనమైన తల్మూదు కూడా, వేరే ఉద్దేశంతోనైనా ధర్మగ్రంథాన్ని అభ్యసించు, అందులోంచే నిజమైన ఉద్దేశం పుడుతుందని చెబుతుంది. అయితే భయంతో చేసేవాడికంటే ప్రేమతో చేసేవాడే గొప్పవాడని అదే తల్మూదు తేల్చింది.

కానీ మెట్లు అందరికీ ఒకే చోట మొదలు కావు. మీ పిల్లలకు మీ ఒడి ఉంది కాబట్టి ఆ బెదిరింపు వాళ్ళను గాయపరచలేదు. టీచరు గారి విద్యార్థికి భయం ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువ ఉంది. వాడికి అక్రోటు కాయలతోనే మొదలుపెట్టాలి.

టీచరు గారూ, మీకు పనికొచ్చేది ఇంకొకటి. తల్మూదులోని యోమా భాగంలో అబాయే అనే గురువు అదే ఐదో వచనాన్ని, నీ వల్ల దేవుని నామం ఇతరులకు ప్రియం కావాలి అని వివరిస్తాడు. చదువుకున్నవాడు మనుషులతో మృదువుగా మాట్లాడి, లావాదేవీలు నిజాయితీగా చేస్తే జనం ఇతనికి తోరా, అంటే ధర్మశాస్త్రం, నేర్పిన తండ్రి ధన్యుడు, గురువు ధన్యుడు అంటారట.

సండే స్కూలు టీచరు, సికింద్రాబాద్

మాస్టారు గారూ, ఎంతో మేలు చేశారు. వచ్చే ఆదివారం పిల్లలందరినీ చర్చి వెనుక ఉన్న వేపచెట్టు కిందకు తీసుకువెళ్ళి, ఒక్క ఆకును చూసి వాళ్ళు గమనించినవన్నీ చెప్పమంటాను. ఆ తర్వాతే ఐదో వచనం. అబాయే మాట కూడా చెబుతాను, కానీ తండ్రి ధన్యుడు అన్న ముక్క దగ్గర ఆ అబ్బాయి మనసు నొచ్చుకుంటుందేమో. గురువు గురించిన మాట వరకే చెప్పవచ్చా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, బర్కత్‌పురా

చెప్పండమ్మా. మిగతాది వాడు పెద్దయ్యాక చదువుకుంటాడు. వీలైతే ఆ తండ్రితో మీ పాస్టరు గారిని ఒకసారి మాట్లాడమనండి, ఆదివారం దాకా ఆగకుండా.