రోమన్ సైన్యం పెంకుల మీద ముద్ర ఎందుకు వేసింది?

దీ_ఒడ్డున:
ఇంగ్లండ్‌లోని చెస్టర్ వచ్చి రెండేళ్లయింది. మొన్న ఇక్కడి గ్రోవ్‌నర్ మ్యూజియంలో ఒక పెంకు దగ్గర ఆగిపోయాను. మీద ‘లెగ్ ఎక్స్ ఎక్స్ వి వి’ అని అచ్చు. అంటే రోమన్ సైన్యంలో 20వ లీజియన్ (కొన్ని వేల మంది ఉండే పెద్ద దళం), దాని బిరుదు వలేరియా విక్ట్రిక్స్. పెంకులు కూడా సైనికులే చేసుకునేవాళ్లా?

బట్టీవారి_మనవడు:
చేసుకునేవాళ్లేనండి. మీకు ఎగువన ఓ 12 కిలోమీటర్లలో హోల్ట్ ఉంది చూడండి, వాళ్ల బట్టీలు అక్కడే. సరుకు దీ నది మీద పడవల్లో చెస్టర్‌లోని వాళ్ల కోటకి దిగేది. పెంకుల్ని గతుకుల దారిలో బండి మీద తోలితే ఎన్ని మిగులుతాయో మా తాత బట్టీలో చూసినవాణ్ణి, నది ఒడ్డు ఎందుకో నాకెవరూ చెప్పక్కర్లేదు. అంచులు పైకి లేచిన పలక పెంకుని టెగ్యులా అంటారు. రెండు పలకల సందు మీద బోర్లించేది ఇంబ్రెక్స్, అచ్చం మన గూన పెంకే.

చలికి_వణుకు:
ఇంగ్లండ్‌లోనే యార్క్‌లో ఒక పబ్బు కింద రోమన్ స్నానాల గది ఉంది, వెళ్లొచ్చాను. సుమారు 20 సెంటీమీటర్ల చదరపు పలకల్ని దొంతిగా పేర్చి, ఆ దొంతుల మీద నేల నిలబెట్టేవాళ్లు. కింద ఖాళీలోంచి పొయ్యి వేడి పారుతుంది. దొంతి నుంచి దొంతికి వంతెనలా వేసే పలక రెండడుగులది, దాదాపు 59 సెంటీమీటర్లు. పైన సున్నంలో పెంకుల పొడి కలిపిన పూత. మన సుర్కీయే కదా!

యాత్రికుడు:
జెరూసలేంలోనూ ఇదే కథ. క్రీ.శ. 70లో నగరం రోమన్ల చేతిలో పడ్డాక 10వ లీజియన్ ఫ్రెటెన్సిస్ అక్కడే దిగింది. వాళ్ల పెంకుల మీద అక్షరాలతో పాటు ఓడ, అడవి పంది బొమ్మలు కూడా ఉంటాయి.

దీ_ఒడ్డున:
అడవి పందా? 20వ వాళ్ల గుర్తూ అదే! హోల్ట్‌లో దొరికిన చూరు బిళ్ల మీద పరిగెడుతోంది. ఇంతకీ ముద్ర ఎందుకు?

బట్టీవారి_మనవడు:
లెక్క కోసమని, దొంగతనం జరక్కుండా అని రకరకాలుగా అంటారు. నన్నడిగితే లెక్కే. అన్నిటికీ ముద్ర ఉండదు మరి. ఆరబెట్టినప్పుడు కుక్కలు తొక్కిన అడుగులు మాత్రం బోలెడు.

చలికి_వణుకు:
9వ లీజియన్ సంగతి మర్చిపోయారు. యార్క్‌లో క్రీ.శ. 108 నాటి శాసనం తర్వాత బ్రిటన్‌లో వాళ్ల ఆచూకీ లేదు, స్కాట్లండ్‌లో మొత్తం తుడిచిపెట్టుకుపోయారని కథ. కానీ నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో వాళ్ల ముద్ర పెంకులు దొరికాయి.

యాత్రికుడు:
లీజియన్ మొత్తం వెళ్లిందో, ఓ ముక్క వెళ్లిందో? పెంకు చేయడానికి వంద మంది చాలు.