ఆర్కేడ్ క్యాబినెట్ కిట్: ప్యాక్‌మ్యాన్ మలుపు తిరగట్లేదు, ఒక బటన్ పనిచేయట్లేదు. వెనక పలక మూసేయనా?

కొత్తగా బిగిస్తున్నా

అందరికీ నమస్కారం. ఇద్దరు ఆడుకునే ఆర్కేడ్ క్యాబినెట్ (పాతకాలపు వీడియో గేమ్ పెట్టె) కిట్ కొన్నాను. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలకలు, రెండు జాయ్‌స్టిక్‌లు, 16 బటన్లు, రెండు యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (స్టిక్, బటన్ల కదలికను కంప్యూటర్‌కి చేరవేసేవి), వైర్ల కట్ట వచ్చాయి. రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్, పాత 19 అంగుళాల మానిటర్ నా దగ్గర ముందే ఉన్నాయి. మానిటర్ వెనక స్క్రూ రంధ్రాల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు. కిట్ బ్రాకెట్ కొలతా అదే అని చూసుకున్నాకే కొన్నాను.

ఇది మా అన్నయ్య కోసం. చిన్నప్పుడు వాడు దయ్యాలు తరిమే చిక్కుదారుల ఆట ప్యాక్‌మ్యాన్ ఆడుతుంటే పక్కన నిలబడి చూసేవాణ్ని. మూల రాకముందే స్టిక్ తిప్పి పట్టుకునేవాడు, దయ్యాలు వెనకబడిపోయేవి. వచ్చే నెల మా ఇంటికి వస్తున్నాడు, ఇంకా ఏమీ చెప్పలేదు.

నిన్న రాత్రి మొదటిసారి ఆన్ చేశాను. బొమ్మ, శబ్దం బాగా వచ్చాయి. కానీ ప్యాక్‌మ్యాన్ సగం మలుపుల దగ్గర నా మాట వినకుండా నేరుగా వెళ్లిపోతోంది. పైకి తోశానని నాకు గట్టిగా తెలుసు, అయినా తిరగదు. ఇంకోటి, రెండో ఆటగాడి మూడో బటన్ అసలు పనిచేయడం లేదు. వెనక పలక, కంట్రోల్ ప్యానెల్ (స్టిక్‌లు, బటన్లు ఉండే పలక) బిగించేస్తే పని అయిపోయినట్టే. బిగించేయనా, ఆగనా? బాగా టెన్షన్‌గా ఉంది.

చెక్కపని చేసేవాణ్ని

ఆగండి. వైర్లన్నీ సరిచూసుకునే దాకా ఏదీ మూయొద్దు. ఎండీఎఫ్ అంచులోకి స్క్రూ నేరుగా దింపితే పలక పొరలుగా విచ్చుకుంటుంది, ముందు సన్నని బెజ్జం వేయండి. ఒకసారి దింపిన స్క్రూని మళ్లీ మళ్లీ ఊడదీస్తే మర అరిగి పట్టు పోతుంది. ఆగమన్నది అందుకే.

నాలుగు దిక్కులు

మీ చేతి తప్పు కాదండీ, బోర్డు తప్పూ కాదు. 1980లో ప్యాక్‌మ్యాన్ వచ్చినప్పుడు దాని మెషీన్‌కి ఉన్నది నాలుగు దిశల స్టిక్. మీకు వచ్చింది ఎనిమిది దిశలది అయి ఉంటుంది. ఎడమకు వెళ్తూ పైకి తోసేటప్పుడు స్టిక్ కాస్త ఏటవాలుగా పోతుంది, అప్పుడు లోపల దిశకొకటి ఉండే చిన్న స్విచ్‌లలో, అంటే మైక్రోస్విచ్‌లలో, రెండు ఒకేసారి నొక్కుకుంటాయి. పైకా, ఎడమకా అని ఆటకు తేలదు, పాత దిశలోనే పోతుంది.

స్టిక్ అడుగున చూడండి. నలుచదరం రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్నే గేట్ అంటాం. చాలా స్టిక్‌లలో దాన్ని 45 డిగ్రీలు తిప్పి పెడితే మూలలకు దారి మూసుకుపోయి నాలుగు దిశలే మిగులుతాయి. మీ అన్నయ్య మూల రాకముందే తిప్పేవారన్నారు కదా, ఆ ఆటలో నిజంగానే అలా చేస్తే ప్యాక్‌మ్యాన్ మూలను కోసుకుంటూ తిరుగుతుంది. దయ్యాలకు ఆ వీలు లేదు. ఎనిమిది దిశల స్టిక్‌తో ఆ పట్టు దొరకడం కష్టం.

కానీ 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 లాంటివి కూడా ఆడాలంటే ఏటవాలు దిశలు కావాల్సిందే, అంటే గేట్ మళ్లీ వెనక్కి తిప్పాలి. కాబట్టి కంట్రోల్ ప్యానెల్‌ని స్క్రూలతో మూసేయకుండా వెనకంచుకు మడతబందులు వేయండి. మూతలా పైకి లేవాలి. నేను మొదట మూసేసి, తర్వాత మొత్తం విప్పి మడతబందులు వేశాను.

వైర్ల మనిషి

పనిచేయని బటన్ సంగతి. పక్కన పనిచేస్తున్న బటన్ వైర్లు తీసి దీనికి తగిలించి చూడండి. పనిచేస్తే బటన్ మంచిదే, వైరులోనో ఎన్‌కోడర్‌లోనో లోపం. పనిచేయకపోతే మైక్రోస్విచ్ మార్చండి. అంతకంటే ముందు వైరు చివరి క్లిప్పు సరిగ్గా కూర్చుందా చూడండి. బటన్ల కాళ్లు (క్లిప్పు ఎక్కే లోహపు రేకులు) 2.8, 4.8 మిల్లీమీటర్లని రెండు వెడల్పుల్లో వస్తాయి. సన్నని కాలికి వెడల్పు క్లిప్పు పెడితే వదులుగా వేలాడుతుంది.

కొత్తగా బిగిస్తున్నా

ముగ్గురికీ చాలా థాంక్స్. క్లిప్పు కాలి మీద ఎక్కలేదు, కాలికీ ప్లాస్టిక్‌కీ మధ్య సందులో దూరింది. బయటికి చూస్తే తగిలించినట్టే ఉంది! తీసి సరిగ్గా ఎక్కించాను, పనిచేస్తోంది.

రెండు స్టిక్‌ల గేట్లూ తిప్పాను. మొదటి ఆటలోనే వరసగా నాలుగు మలుపులు తిరిగాను, ఒక్కటీ తప్పలేదు. అన్నయ్య చేయి ఎలా కదిలేదో ఇప్పుడు నా చేతికి తెలిసింది. వాడు వచ్చే దాకా నాలుగు దిశలే ఉంచుతాను. మడతబందులు తెచ్చాను, రేపు వేస్తాను.

ఇంకొక్కటి అడగాలి. పలకల అంచులకు వేసే ప్లాస్టిక్ పట్టీ, టీ-మోల్డింగ్ వంపుల దగ్గర గాడిలోంచి లేచిపోతోంది. జిగురు వేయాలా?

చెక్కపని చేసేవాణ్ని

ఇప్పుడే వద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెత్తబడ్డాక వంచండి. వంపు లోపలికి ఉన్న చోట గాడిలోకి దిగే భాగంలో అక్కడక్కడా చిన్న గాట్లు పెట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. మామూలు సుత్తి వాడితే మచ్చలు పడతాయి.