ఒంగోలు గిత్త కాళ్లు పగులుతున్నాయి: ఇనుప చువ్వ మీద మట్టి నిలవదా?

పెరంబూరు వెల్డరు:

అందరికీ నమస్కారం. ఉండేది చెన్నై పెరంబూరులో, సొంతూరు ఒంగోలు దగ్గర. రైలు పెట్టెల కర్మాగారంలో వెల్డింగ్ చేసి పదవీ విరమణ పొందాను. ఇనుము చేతికి అలవాటే, మట్టి మాత్రం కొత్త.

జానెడు ఎత్తున ఒంగోలు గిత్తను చేయాలని పట్టుదలగా ఉంది. దుకాణాల్లో దొరికే గిత్త బొమ్మలకు మూపురం అంటే మెడ మీద అంటించిన ముద్ద. అసలు గిత్తకు అది భుజాల మీద నుంచి లేస్తుంది, నడకలో ఒక పక్కకు కాస్త ఒరుగుతుంది. గంగడోలు గొంతు దగ్గర మొదలై మడతలు పడుతూ ముందు కాళ్ల మధ్య దాకా దిగుతుంది. ఈ రెండూ నిజంలా ఉండాలి, అదే నా కోరిక.

ఆరు మిల్లీమీటర్ల చువ్వలతో వెన్ను, నాలుగు కాళ్లు, మెడ వెల్డ్ చేసి, దాని మీద ఎయిర్ డ్రై క్లే (కాల్చనక్కరలేకుండా గాలికే ఆరి గట్టిపడే మట్టి) పెట్టాను. తడిగా ఉన్నంతసేపూ చూడముచ్చటగా ఉంది. ఫ్యాను కింద ఆరనిచ్చాక నాలుగు కాళ్లకూ అడ్డంగా చీలికలు వచ్చాయి. వెన్ను మీద కూడా చువ్వ ఉన్న దారి వెంటే సన్నని గీత పడింది. చువ్వ లేని పొట్ట వైపు ఒక్క పగులూ లేదు. గంగడోలు అంచు బయటికి ముడుచుకుని, ముట్టుకుంటే ఊడింది. చీలికల్లో మట్టి గుజ్జు నింపితే ఆరాక మళ్లీ అక్కడే తెరుచుకుంటోంది, లోపలి నుంచి తుప్పు రంగు కూడా బయటికి వస్తోంది.

మట్టి మార్చాలా, లోపలి చట్రం మార్చాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

రాతిపొడి:

వెల్డరు గారూ, జవాబు మీ మాటల్లోనే ఉంది. చువ్వ ఉన్న చోటే పగిలింది. నీళ్లతో మెత్తబడే ఏ మట్టి అయినా ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. మామూలు కుండమట్టి నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్ల దాకా తగ్గుతుంది. పది సెంటీమీటర్ల కాలు అర సెంటీమీటరు పొట్టి కావాలని చూస్తుంటే లోపలి ఇనుము ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గదు. ఇక మట్టి ఎక్కడో చోట తెగక తప్పదు. గుజ్జు నింపినా అంతే, అదీ ఆరి కుంచించుకునేదేగా. ఫ్యాను గాలికి పైపొర ముందే బిగుసుకుంటే లోపలి తడి ఇంకా అలాగే ఉంటుంది. గంగడోలు లాంటి పలుచని అంచు అన్నిటికంటే ముందు ఆరి ముడుచుకుంటుంది.

నేను పెరియమేడులోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో శిల్పం చదివాను. నా సలహా ఒక్కటే: మొదటి గిత్తను ఆయిల్ క్లేతో చేయండి. మైనం, నూనె, సున్నపురాయి లాంటి మెత్తని పొడి కలిపిన ముద్ద అది. నీరు లేదు కనుక ఆరదు, కుంచించుకోదు, పగలదు. 1897లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో విలియం హార్బట్ అనే ఉపాధ్యాయుడు తయారుచేసిన ప్లాస్టిసిన్ ఈ కుటుంబానిదే. విద్యార్థులు మట్టి ఎండిపోతుందన్న తొందర లేకుండా చేసిన ముఖాన్నే మళ్లీ మళ్లీ దిద్దుకోవడానికి చేశాడాయన. మీకూ ఇప్పుడు కావలసింది ఆ వెసులుబాటే. మూపురం నచ్చకపోతే వారం తర్వాత కూడా కోసి, జరిపి పెట్టుకోవచ్చు. మొదటి బొమ్మనే గట్టిపరచి దాచుకోవాలన్న ఆత్రం చాలామంది చేతులను కట్టేస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, చెన్నై మే నెల ఎండకు మెత్తని రకం జారిపోతుంది. గట్టి రకమే కొనండి.

చట్రం సంగతి మీకు నేను చెప్పాలా! అయినా చిన్న మార్పు. బరువంతా కాళ్ల మీద వేయకండి. చెక్క పీటకు నిలువుగా ఒక పైపు బిగించి, పైకొసను పొట్టలోకి పోనివ్వండి. అప్పుడు కాళ్లు మోయనక్కరలేదు, ఆకారం చూపిస్తే చాలు. కాళ్లకు అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలిపెట్టండి, భంగిమ మార్చాలంటే వంగుతుంది. ఛాతీ భాగంలో రెండు చిన్న చెక్కముక్కలను అడ్డంగా కలిపి కట్టి తీగతో వేలాడదీస్తే ముద్ద కిందికి జారదు.

ఇంకో మాట. వెనుక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన పైకి ఉంటుంది. ఇది పట్టుకుంటే గిత్త నిలబడ్డ తీరే మారిపోతుంది.

కొలువు బొమ్మలు:

ఆ చువ్వల చట్రం పారేయకండి అన్నయ్య గారూ. పాలిమర్ క్లే అయితే దాని మీదే చేయవచ్చు. అది పీవీసీ ముద్ద, గాలికి ఆరదు, వేడి తగిలితేనే గట్టిపడుతుంది, కుంచించుకోవడం నామమాత్రం. చువ్వల చుట్టూ అల్యూమినియం రేకు నలిపి పొట్ట నింపి, పైన పలుచగా క్లే పరవండి. రకాన్ని బట్టి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. ప్యాకెట్ మీద రాసినది దాటనివ్వకండి, మాడితే వచ్చే పొగ హానికరం. ఓవెన్ మీది అంకెను నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టండి. జానెడు గిత్త మీ ఓవెన్‌లో పడుతుందో లేదో ముందే కొలిచి చూసుకోండి.

కొండపల్లి దారి:

మాది విజయవాడ, ఇప్పుడు వేలచ్చేరిలో ఉంటున్నాను. కొండపల్లి బొమ్మల వాళ్లు చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. కొమ్ములు, చెవులు, గంగడోలు మీరూ విడిగా చేసి చివర్లో అతికించండి. సన్నని భాగాలకు ఎమ్‌సీల్ లాంటి రెండు ముద్దల పుట్టీ బలంగా నిలుస్తుంది. చేతి తొడుగులు మరిచిపోకండి, కొందరికి చర్మం దద్దుర్లు వస్తాయి.

పెరంబూరు వెల్డరు:

అందరికీ కృతజ్ఞతలు. పైపు మాట వినగానే కొలతలు గీసుకున్నాను. ఆయిల్ క్లేతోనే మొదలుపెడతాను. రాతిపొడి గారూ, అది గట్టిపడదంటున్నారు కదా, బాగా వస్తే మనవరాలికి ఇవ్వడానికి ఏం చేయాలి?

రాతిపొడి:

అచ్చు తీసి ప్లాస్టర్‌లో పోయాలి. మెరీనాలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికుల విగ్రహం చూసే ఉంటారు. 1959లో నెలకొల్పారు, చేసినది మా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెత్తని ముద్దలో రూపు దిద్దడం, అచ్చు తీయడం, కంచు పోయడం అనేది పాతకాలం నుంచి వస్తున్న దారే. మీకు సిలికాన్ అచ్చు సులువు. క్లే కొనేటప్పుడు గంధకం లేనిదేనా అని అడగండి. గంధకం ఉంటే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది.

ఈలోగా ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసి రండి, శుక్రవారం సెలవు. మదమెక్కిన నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే పలక దగ్గర కాసేపు నిలబడండి. ఏనుగు బరువు ఏ కాలి మీద పడిందో పక్క నుంచి గమనించండి. గిత్తకు కాళ్లు పెట్టేముందు ఆ చూపు కావాలి. పైపు బిగించాక ఒక ఫొటో పెట్టండి, ముద్ద వేయకముందే ఎత్తు సరిచూద్దాం.