బి.ఎం.ఎ. ముద్ర ఉన్న నీలం స్టాంపు మలయా జాబితాలో ఎందుకు లేదు?

పాతడబ్బా:
నిన్న మధ్యాహ్నం నుంచి ఈ ఒక్క స్టాంపుతోనే కుస్తీ పడుతున్నాను. మా పెదనాన్నగారి బిస్కెట్ల డబ్బాలో దొరికినవాటిలో మిగతావన్నీ తేలిపోయాయి, ఇదొక్కటే లొంగడం లేదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైనిక పాలనలో (బ్రిటిష్ మిలిటరీ అడ్మినిస్ట్రేషన్, పొట్టిగా బి.ఎం.ఎ.) మలయాకు వేసిన ఓవర్‌ప్రింట్ స్టాంపు, అంటే ఉన్న స్టాంపు మీదే అక్షరాలు మళ్లీ అచ్చువేసింది. నీలం రంగు, రాజుగారి తల, విలువ 2½. మలయా జాబితా ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకూ తిరగేశాను. 1, 2, 3 సెంట్లు ఉన్నాయి గానీ 2½ ఎక్కడా లేదు. అచ్చు తప్పా? అరుదైనదా? తెలిసినవారు త్వరగా చెప్పగలరు.

భూతద్దం:
ఫోటో?

పాతడబ్బా:
నా ఫోను కెమెరా పాడైంది. అందుకే అంత వివరంగా రాశాను.

అంటుకాగితం:
అమ్మా, ముందు ఒక మాట. ఆ స్టాంపు ఇంకా కవరు ముక్కకు అంటుకునే ఉందా? ఉంటే దయచేసి నీళ్లలో వేయకండి. మలయాకు బి.ఎం.ఎ. ముద్ర వేసింది స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ (సింగపూర్, పెనాంగ్, మలక్కాల బ్రిటిష్ వలస) స్టాంపుల మీదే, ఆ కాలపు వాటిలో చాలావాటిని సుద్ద పూత ఉన్న కాగితం మీద, తడి తగిలితే కారిపోయే సిరాతో అచ్చువేశారు. వాడిన స్టాంపును చెరిపి మళ్లీ వాడకుండా ఉండాలని కావాలనే అలా చేశారు. నీళ్లలో నానబెడితే రంగు మీ కళ్లముందే వెలిసిపోతుంది. వేడినీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆల్బమ్‌లో పెట్టేటప్పుడు కూడా జిగురు, సెలోటేపు జోలికి పోకండి. సెలోటేపు మరక ఇక జన్మలో పోదు. హింజ్‌ల (స్టాంపు వెనక అంటించే చిన్న జిగురు కాగితం ముక్కల) విషయంలో నా అభిప్రాయం ఇంతకుముందే వివరంగా రాశాను, అవసరమైతే మళ్లీ రాస్తాను.

భూతద్దం:
అక్కర్లేదు. పాతడబ్బా గారూ, 2½ పక్కన ఏ అక్షరం ఉంది?

గోదారిగట్టు:
మలయా అనగానే మనసు ఎక్కడికో పోయింది. కింది పేరాక్ కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో మన తెలుగు కుటుంబాలు ఎన్ని బతికాయో! ఓడెక్కి వెళ్లినవారు, జపానువారి కాలంలో నానా అగచాట్లు పడినవారు, యుద్ధం అయ్యాక ఇంటికి ఉత్తరం ముక్క రాసుకున్నవారు. మీ పెదనాన్నగారికి అక్కడి బంధువులెవరో రాసిన ఉత్తరం మీది స్టాంపే అయ్యుంటుంది. ఆ కవరు పారేయకండి, అది చరిత్ర. ఊరి పేరేమైనా ఉందా?

పాతడబ్బా:
కవరు లేదు, స్టాంపు ఒక్కటే. మా పెదనాన్నగారు రాజమండ్రి దాటి ఎక్కడా ఉద్యోగం చేయలేదు. ఆఫీసుకు వచ్చే కవర్ల మీదివి కత్తిరించి దాచుకునేవారు, అంతే. 2½ పక్కన చిన్న డి ఉంది. దానితో ఏం పని?

భూతద్దం:
డి అంటే పాత బ్రిటిష్ పెన్నీ. మలయాలో నడిచినవి డాలర్లు, సెంట్లు. కాబట్టి అది మలయా స్టాంపు కాదు. మీరు చూస్తున్నది వేరే పుస్తకం. స్టాంపు మీద దేశం పేరు ఏమని ఉంది?

పాతడబ్బా:
అచ్చులో దేశం పేరే లేదు. పోస్టేజ్, రెవెన్యూ అని మాత్రం ఉంది. నాలుగు మూలల్లో ఏవో పువ్వులూ ఆకులూ. పైన నల్లగా బి.ఎం.ఎ. అని వేశారు. రెండో పదం మీద తపాలా ముద్ర గట్టిగా పడింది, చివరి ఐ, ఎ అన్న రెండు ఇంగ్లిషు అక్షరాలు తప్ప ఏమీ కనబడదు. కానీ ఎం.ఎ.ఎల్. అని వేరుగా స్పష్టంగా ఉంది. అది మలయాకు పొట్టి రూపం కాక మరేమిటి?

చెరగనిసిరా:
మధ్యలో కలగజేసుకుంటున్నందుకు ఏమీ అనుకోకండి. ఉన్న స్టాంపు మీద కొత్త విలువ కూడా అచ్చువేస్తే దాన్ని ఉత్త ఓవర్‌ప్రింట్ అనరు, సర్‌చార్జ్ అనాలి. ఇక్కడ అందరూ రెండింటినీ కలిపేస్తున్నారు. ఇంకొకటి, మలయా బి.ఎం.ఎ. స్టాంపులను కొందరు ఆక్రమణ స్టాంపులు అంటారు, అది సరికాదు. 1945లో బ్రిటిష్‌వారు తమ పాత వలసలోకే తిరిగి వచ్చారు. ఆక్రమణ అంటే పరాయి నేలను పట్టుకోవడం.

గోదారిగట్టు:
ఎవరి నేల ఎవరికి పరాయిది సార్? తోటలో రబ్బరు పాలు తీసే కూలికి జపానువాడూ పరాయివాడే, తెల్లదొరా పరాయివాడే.

చెరగనిసిరా:
నేను కేటలాగు వర్గీకరణ గురించి మాట్లాడుతున్నాను, రాజకీయం కాదు.

భూతద్దం:
మీరిద్దరూ కాసేపు ఆగండి.

పాతడబ్బా గారూ, దేశం పేరు లేకుండా రాజు తల మాత్రమే ఉండే స్టాంపులు బ్రిటన్‌వి. మూలల్లో ఉన్నవి గులాబీ, థిసిల్, డాఫడిల్, షామ్‌రాక్. ఆ దీవుల్లోని నాలుగు దేశాల గుర్తులు అవి. ఆరో జార్జి మామూలు స్టాంపు అన్నమాట. మలయాకు వాడింది స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ స్టాంపులను, వాటి మీద పేరు అచ్చులోనే ఉంటుంది. ఉత్తర బోర్నియో, సారవాక్‌ల బి.ఎం.ఎ. స్టాంపుల మీదా అంతే.

బ్రిటన్ స్టాంపుల మీద బి.ఎం.ఎ. వేసింది ఇటలీ నుంచి పట్టుకున్న ఆఫ్రికా వలసల కోసం. ఎరిత్రియా, సోమాలియా, ట్రిపొలిటానియా (నేటి లిబియాలో పడమటి భాగం). ఇవి 1948లో మొదలయ్యాయి. ఐ, ఎ అక్షరాలతో ముగిసేవి చివరి రెండే. సోమాలియాలో షిల్లింగులు, సెంట్లు నడిచాయి. ట్రిపొలిటానియాలో నడిచింది సైనిక పాలనా లీరా. ఇంగ్లిషులో దాని పొడి అక్షరాలే మీ ఎం.ఎ.ఎల్.

ఇంకా సందేహం ఉంటే లెక్క చూసుకోండి. ఒక పెన్నీకి 2 లీరాలు, షిల్లింగుకు (12 పెన్నీలు) 24. అంటే 2½ పెన్నీల స్టాంపు మీద 5 ఉండాలి. అదే సోమాలియా అయితే 25 సెంట్లు అని ఉండేది. మీ దాని మీద ఏ అంకె ఉంది?

పాతడబ్బా:
5 ఉంది. అచ్చుపలక నంబరేమో అనుకుని రాయలేదు.

భూతద్దం:
సరిపోయింది. ట్రిపొలిటానియా.

అంటుకాగితం:
అయినా సరే నీళ్లలో వేయకండి.

భూతద్దం:
వేయవచ్చు. ఇది ఫొటోగ్రావ్యూర్ (చెక్కిన సిలిండరుతో వేసే) అచ్చు, మీరు చెప్పిన కారిపోయే సిరా కాదు. చన్నీళ్లలో కాసేపు ఉంచితే ఏమీ కాదు.

అంటుకాగితం:
ఫొటోగ్రావ్యూర్ సంగతి నాకూ తెలుసు. జాగ్రత్త చెప్పడం తప్పా? ఆమె మొదట మలయా అన్నారు, నేను మలయాకు తగిన సలహా ఇచ్చాను.

చెరగనిసిరా:
ట్రిపొలిటానియా అయితే ఆక్రమణ అన్న మాట వాడవచ్చు. ట్రిపోలీ 1943 జనవరిలో బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కింది. 1951 డిసెంబరు 24న లిబియా స్వతంత్రమయ్యేదాకా వారి పాలనే. అయితే 1950లో సైనిక పాలన పోయి పౌర పాలన వచ్చింది గనుక, ఆ తర్వాతి స్టాంపులను కూడా ఆక్రమణ స్టాంపులనడం మీద నాకు అభ్యంతరం ఉంది.

గోదారిగట్టు:
ఈ ఎరిత్రియాలోనే కదా 1941లో కెరెన్ కొండల దగ్గర మన భారత సైనికులు అంతగా పోరాడింది! పెదనాన్నగారి స్నేహితులెవరైనా సైన్యంలో...

భూతద్దం:
స్టాంపు 1948 తర్వాతిది. కెరెన్ యుద్ధం 1941. పైగా ఇది ఎరిత్రియాది కాదు.

పాతడబ్బా:
దొరికింది. ట్రిపొలిటానియా పట్టికలో ఐదో వరుసలోనే ఉంది, లేత నీలం. ఖరీదు చూస్తే నవ్వొచ్చింది, టీ తాగి మర్చిపోవచ్చు. ధన్యవాదాలు.

అదే డబ్బాలో ఇలాంటిదే ఇంకొకటుంది. అదీ 2½, దాని మీదా 5, ఎం.ఎ.ఎల్. కానీ రంగు ఎరుపు, పైన బి.ఎ. అని రెండక్షరాలే. మధ్యలో ఎం. పడలేదు. ఇదైనా అచ్చు తప్పేనా?

చెరగనిసిరా:
నేను చెప్పిన పౌర పాలన అదే. ఎం. అంటే మిలిటరీ, అది పడకపోవడం కాదు, తీసేశారు. 1951లో బ్రిటన్ తన మామూలు స్టాంపుల రంగులు మార్చి 2½ను నీలం నుంచి ఎరుపు చేసింది. మీది ఆ తర్వాతిది. దీన్ని మాత్రం ఆక్రమణ పేజీలో అతికించకండి.

అంటుకాగితం:
అతికించడం అంటే హింజ్‌తోనా, మౌంటుతోనా (స్టాంపును దూర్చి ఉంచే పారదర్శక తొడుగు)?