అప్‌డేట్: మా బ్రూనోకి కారు దొరికింది

38 కిలోల మా లాబ్రడార్ కుక్క బ్రూనోతో తిరగడానికి మొదటి సెకండ్ హ్యాండ్ కారు ఏది తీసుకోవాలని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. చివరికి 2019 పెట్రోల్ మారుతి ఎర్టిగా (మూడు వరుసల సీట్ల కారు) కొన్నాం.

"బ్రూనోని వెంట తీసుకెళ్లి చూడండి" అన్న సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. నేను మనసు పడ్డ కాంపాక్ట్ ఎస్‌యూవీ డిక్కీ అంచు బాగా ఎత్తు. వాడికి ఎనిమిదేళ్లు, తుంటి నొప్పి. ముందుకాళ్లు పెట్టి ఆగిపోయి నా వైపు చూశాడు, అంతే, ఆ కారు వదిలేశాం. ఎర్టిగా మూడో వరుస మడిస్తే 550 లీటర్ల చోటు వస్తుంది. పైకప్పు ఏసీ గాలి కూడా వెనక్కి బాగానే అందుతోంది. మన ఎండల్లో అది చాలా ముఖ్యం. ఎక్కడానికి చిన్న ర్యాంప్ చేయించాం.

అంతకుముందు ఇంకో కారుకి అడ్వాన్స్ ఇవ్వబోయాం. మా మెకానిక్ దాని సీట్‌బెల్ట్ మొత్తం బయటికి లాగితే లోపలి కొసన ఎండిన బురద! వరద నీళ్లలో మునిగిన బండి అని అప్పుడు తెలిసింది. దయచేసి ఈ పరీక్ష మర్చిపోకండి.

పాత లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ పత్రం, ఆర్‌సీలోంచి ఆ లోన్ తీసేయించే ఫారం 35, పెండింగ్ చలాన్లు చూసుకున్నాకే డబ్బిచ్చాం. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి కొన్న 14 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాం.

నిన్న వికారాబాద్ వెళ్లొచ్చాం. బ్రూనో ఒంటికి కట్టే పట్టీని (హార్నెస్) సీట్‌బెల్ట్ బకిల్‌కి తగిలించాం. దారంతా హాయిగా నిద్రపోయాడు. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.